విడుదల తేదీ నల్గొండకు ఎప్పుడొస్తుంది

సైబర్‌పంక్ 2077 అనే వీడియో గేమ్ విడుదలైంది 2020 డిసెంబర్ 10న. నల్గొండలో ఒకే ఇంట్లో అన్న దగ్గర ప్లేస్టేషన్, తమ్ముడి దగ్గర కంప్యూటర్ ఉన్నాయనుకుందాం. ఇద్దరూ డబ్బు కట్టి గేమ్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నారు. అర్ధరాత్రి పన్నెండు కాగానే అన్నకు గేమ్ తెరుచుకుంది. తమ్ముడు మాత్రం తెల్లవారుజామున ఐదున్నర దాకా ఆగాల్సి వచ్చింది. ప్లేస్టేషన్ లాంటి గేమ్ మెషీన్లలో ఏ దేశానికి ఆ దేశపు అర్ధరాత్రిని లెక్కలోకి తీసుకున్నారు. కంప్యూటర్‌కు మాత్రం ప్రపంచమంతటికీ కలిపి గ్రీనిచ్ అర్ధరాత్రినే పెట్టారు. గ్రీనిచ్ గడియారానికీ మన గడియారానికీ ఐదున్నర గంటల తేడా. తమ్ముడి నిద్ర చెడిపోవడానికి కారణం అదే.

ఇప్పటి ఎదురుచూపు గంటల్లో ఉంటోంది. ఒకప్పుడు ఏళ్లు పట్టేది. సూపర్ మారియో బ్రదర్స్ 3 జపాన్‌లో 1988 అక్టోబర్‌లో వచ్చింది. అమెరికాకు 1990 ఫిబ్రవరిలో, యూరప్‌కు 1991 ఆగస్టులో చేరింది. అంటే టోక్యో పిల్లలు ఆడి పక్కన పడేసిన గేమ్‌ను లండన్ పిల్లలు కొత్తదని కొనుక్కునేసరికి దాదాపు మూడేళ్లు గడిచాయి.

ఇది ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. సినిమా ప్రింట్లు ఖరీదుగా ఉన్న కాలంలో వాటిని లెక్కపెట్టి తీసేవారు. నైజాం ఏరియాలో ముందు హైదరాబాద్, సికింద్రాబాద్ థియేటర్లు, తర్వాత పెద్ద పట్టణాలు, ఆ తర్వాతే చిన్న ఊళ్ల టాకీసులు. ఏ సెంటర్, బీ సెంటర్, సీ సెంటర్ అన్న మాటలు అప్పటివే. రీళ్ల బాక్సు దేవరకొండకో అచ్చంపేటకో చేరేసరికి క్లైమాక్స్ ఏమిటో ఊరంతా తెలిసిపోయేది, ప్రింటు మీద గీతలు పడేవి. శాటిలైట్ ద్వారా సినిమాను నేరుగా థియేటర్‌కు పంపే పద్ధతి వచ్చాక ఆ వరుస చెదిరిపోయింది. గేమ్‌లకూ అలాంటి వరుస ఒకటి ఉండేది. జపాన్ ఏ సెంటర్, అమెరికా బీ సెంటర్, యూరప్ సీ సెంటర్. మన దేశానికి ఆ జాబితాలో చోటే లేదు.

ఆ వరుసకు మొదటి కారణం కార్ట్రిడ్జ్, అంటే మెషీన్‌లో పెట్టే గేమ్ క్యాసెట్. అందులోని చిప్‌లో గేమ్‌ను ఫ్యాక్టరీలోనే ఎక్కించాలి, ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా మార్చడానికి వీలుండదు. ఎన్ని కావాలో నెలల ముందే ఆర్డర్ ఇచ్చి డబ్బు కట్టాలి. ఎక్కువ చేయిస్తే గోదాములో మిగిలిపోతాయి, తక్కువ చేయిస్తే దుకాణంలో దొరకవు. సొంత దేశంలో అమ్మి చూసి, ఆడిందని తేలాకే పక్క దేశానికి ఆర్డర్ ఇవ్వడం వ్యాపారికి క్షేమం. దానికి తోడు 1988లో మెమరీ చిప్‌ల కొరత వచ్చి, పూర్తయిన గేమ్‌లు కూడా ఆగిపోయాయి.

రెండో కారణం టీవీ. జపాన్, అమెరికా టీవీలు ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో సెకనుకు 60 సార్లు బొమ్మను గీసేవి. యూరప్‌లో ఎక్కువ దేశాలవి పాల్ పద్ధతిలో 50 సార్లు గీసేవి. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి వచ్చినప్పుడు మన దేశం కూడా పాల్‌నే తీసుకుంది. అప్పటి గేమ్‌లు చాలావరకు తమ వేగాన్ని టీవీ తెరతో ముడిపెట్టుకునేవి. 60 లెక్కన రాసిన గేమ్‌ను దిద్దకుండా 50 టీవీకి పంపితే అది ఆరో వంతు నెమ్మదిగా నడిచేది, పాట కూడా సాగదీసినట్టు వినిపించేది. సరిగ్గా దిద్దాలంటే నెలలు పట్టేది. చాలా కంపెనీలు ఆ నెలలూ తీసుకున్నాయి, దిద్దడమూ మానేశాయి. యూరప్ పిల్లలు ఆలస్యంగా వచ్చిన గేమ్‌ను నెమ్మదిగా ఆడుతూ, సోనిక్ లాంటి పరుగుల గేమ్ వేగం అంతేననుకుని పెరిగారు. సమర్థించుకోవడానికి వీల్లేని నిర్లక్ష్యం ఇది.

మూడోది అనువాదం. అన్నిటిలో ఇదే పెద్ద పని. ఫైనల్ ఫాంటసీ 7 జపాన్‌లో 1997 జనవరి 31న వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికాకు, నవంబర్‌లో యూరప్‌కు వెళ్లింది. అలాంటి గేమ్‌లో మాటలు ఒక లావుపాటి నవలంత ఉంటాయి. నవల అయితే అనువాదకుడి చేతిలో పుస్తకం మొత్తం ఉంటుంది. గేమ్‌లో అలా కాదు. ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారో తెలియని విడి వాక్యాలు వేల సంఖ్యలో ఒక పట్టికలో వస్తాయి. 'రా' అన్న మాట పిలుపో ఆజ్ఞో, తమ్ముడితో అన్నదో రాజుగారితో అన్నదో తెలియకుండా అనువదించాలి. అప్పటి మెమరీ కూడా చాలా తక్కువ. జపనీస్ లిపిలో మూడు నాలుగు గుర్తుల్లో ఇమిడే మాటకు ఇంగ్లీషులో పదో పన్నెండో అక్షరాలు కావాలి. తెర మీది డబ్బాలో అవి పట్టవు. దాంతో పేర్లు కుదించారు, వాక్యాలు కత్తిరించారు, కొన్నిచోట్ల ప్రోగ్రామ్‌నే తిరగరాశారు. యూరప్‌కైతే అక్కడితో తీరదు, ఫ్రెంచ్, ఇటాలియన్, జర్మన్, స్పానిష్ కూడా చేయాలి. జర్మన్ మాటలు ఇంగ్లీషు కన్నా పొడుగు కాబట్టి డబ్బాలు మళ్లీ చాలవు.

ఈ పని భారమని కంపెనీలు కొన్ని గేమ్‌లను వదిలేసేవి కూడా. ఫైనల్ ఫాంటసీ నాలుగో భాగం అమెరికాలో రెండో భాగం అన్న పేరుతో, ఆరోది మూడో భాగం అన్న పేరుతో అమ్ముడయ్యాయి. మధ్యలోవి అక్కడికి రానే లేదు మరి. 1995 మార్చిలో జపాన్‌లో వచ్చిన క్రోనో ట్రిగర్ అదే ఏడాది అమెరికాకు వెళ్లింది, యూరప్ దుకాణాలకు మాత్రం 2009లో గానీ చేరలేదు. అదీ వేరే మెషీన్ మీద. పద్నాలుగేళ్లంటే ఆడాలనుకున్న పిల్లవాడికి పెళ్లీడు వచ్చేంత కాలం.

అందరికీ ఒకే రోజు ఇవ్వడం అప్పట్లో బొత్తిగా అసాధ్యమేమీ కాదు. 1992 నవంబర్ 24, మంగళవారం నాడు సెగా కంపెనీ సోనిక్ 2ను అమెరికాలో, యూరప్‌లో ఒకేసారి దుకాణాల్లో పెట్టింది, ఆ తేదీనే ప్రచారంగా మలుచుకుంది. జపాన్‌లో అంతకు మూడు రోజుల ముందే వచ్చేసింది. తలచుకుంటే చేయగలరని అప్పుడే తేలిపోయింది. అయినా ఆ తర్వాత ఇంకో పదేళ్లకు పైగా వారాల తేడా, నెలల తేడా మామూలుగానే సాగింది. వారంలో రోజు విషయంలో కూడా ఎవరి అలవాటు వారిది. జపాన్‌కు గురువారం, అమెరికాకు మంగళవారం, బ్రిటన్‌కు మన కొత్త సినిమాల్లాగే శుక్రవారం.

ఇంతకీ ఆ జాబితాలో లేని చోటికి గేమ్‌లు ఎలా వచ్చాయి? నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి లాంటి పట్టణాల్లో తొంభైల పిల్లలకు మారియో బాగానే తెలుసు. కానీ ఆ పరిచయం అసలు నింటెండో మెషీన్ వల్ల కలిగింది కాదు. దాన్ని అనుకరించి చేసిన చౌక మెషీన్లు, లేబుల్ మీద లక్షల్లో గేమ్‌లున్నాయని రాసి లోపల పదీ ఇరవైనే తిప్పి తిప్పి చూపే క్యాసెట్లు, గంటకు ఇంతని డబ్బు తీసుకునే వీడియో గేమ్ షాపులు, వీటి ద్వారానే మారియో వచ్చాడు. ఆ గేమ్ ఎక్కడ పుట్టిందో, ఏ ఏడాదిదో ఎవరూ అడగలేదు. అక్కడ విడుదల తేదీ అన్న మాటకు అర్థమే లేదు. షాపులో కొత్త క్యాసెట్ పెట్టిన రోజే రిలీజు.

ప్లేస్టేషన్ 2 కాలానికి పరిస్థితి కొంత మారింది. మెషీన్ కొనేవాళ్లు పెరిగారు, కానీ గేమ్‌లు సమయానికి వచ్చేవి కావు, వచ్చినా ధర అందేది కాదు. దీనికి తోడు తాళాలు ఒకటి. సినిమా డీవీడీలను లోకమంతా ప్రాంతాలుగా విడగొట్టి అంకెలిచ్చారు, భారత్ ఐదో ప్రాంతం. ఆ కాలపు గేమ్ మెషీన్లకూ అలాంటి తాళమే ఉండేది, ఒక ప్రాంతపు డిస్కు మరో ప్రాంతపు మెషీన్‌లో తిరిగేది కాదు. అమెరికా నుంచి ఎవరైనా మెషీన్ తెచ్చిపెడితే ఇంకో చిక్కు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్ పెడితే మెషీన్ కాలిపోయేది. ఇన్ని అడ్డంకులున్నచోట తాళం దాటించే చిప్ వేయించుకున్న మెషీన్, ఫుట్‌పాత్ మీద దొరికే కాపీ డిస్కు రాజ్యమేలడంలో వింత లేదు. మనవాళ్లకు డబ్బిచ్చి కొనే గుణం లేదని కంపెనీలు చాలాకాలం అనుకున్నాయి. కొనడానికి దుకాణంలో సరుకే పెట్టకుండా ఆ మాట అనడం న్యాయం కాదు. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ 2015 నవంబర్‌లో రూపాయల్లో ధరలు పెట్టింది. ప్రపంచమంతటితో పాటు అదే రోజు, రూపాయల్లో, ఇంట్లోనే దొరకడం మొదలయ్యాక కాపీ డిస్కు కోసం బస్సెక్కి హైదరాబాద్ పోవాల్సిన అవసరం తీరిపోయింది.

పాత వరుసను పడగొట్టింది ఇంటర్నెట్టే. గేమ్ కదలాలంటే ఓడ అక్కర్లేకపోయింది. కొత్త టీవీలకు 50, 60 తేడా పోయింది. నలుగురు నాలుగు దేశాల నుంచి కలిసి ఆడే గేమ్‌లు వచ్చాక ఒకరికి ముందు, ఒకరికి వెనుక ఇవ్వడం కుదరలేదు. వీటన్నిటికీ మించి కథ బయటపడే భయం పట్టుకుంది. ముందు విడుదలైన దేశంలో ఎవరో ముగింపు వరకు ఆడి వీడియో పెడితే, మిగతా లోకం అరగంటలో చూసేస్తుంది. అమెరికాలో ప్రీమియర్ షో నడుస్తుండగానే ఇక్కడ ఫోన్లలో కథంతా తెలిసిపోయే అనుభవం తెలుగు సినిమా ప్రేక్షకులకు ఉన్నదే.

దాంతో అనువాదం పద్ధతే మారింది. గేమ్ పూర్తయ్యాక అనువాదకుడిని పిలవడం మాని, తయారీ మధ్యలోనే పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు. యాకూజా 5 జపాన్ నుంచి పశ్చిమ దేశాలకు చేరడానికి 2012 డిసెంబర్ నుంచి 2015 డిసెంబర్ దాకా మూడేళ్లు పట్టింది. అదే సిరీస్‌లో ఇన్ఫినిట్ వెల్త్ 2024 జనవరి 26న అన్ని దేశాల్లో ఒకేసారి వచ్చింది. పర్సోనా 5కు ఏడు నెలల ఎడం ఉంటే, పర్సోనా 3 రీలోడ్‌కు ఒక్క రోజు కూడా లేదు. సంవత్సరాల ఎదురుచూపును ఇలా సున్నాకు తెచ్చినవాళ్లలో అనువాదకులే ముందుంటారు. మాటలు రోజూ మారుతున్న గేమ్‌ను వెంటపడి అనువదించడం ఎంత టెన్షన్‌తో కూడిన పనో బయటివారికి తెలియదు. వాళ్ల పేర్లు చివర్లో పరుగెత్తే అక్షరాల్లో కలిసిపోతాయి.

ఇక్కడ మన వైపు నుంచి చూడాల్సిన సంగతి ఒకటుంది. జర్మనీ, ఫ్రాన్స్ ఒకప్పుడు ఎందుకు ఆగాయి? వాళ్ల భాషలో ఇవ్వకపోతే కొనరని కంపెనీలకు తెలుసు కాబట్టి. ఆ ఆలస్యంలో కొంత మర్యాద ఉంది. నల్గొండ కుర్రాడికి ఈరోజు గేమ్ మొదటి రోజే దొరుకుతోందంటే, అతని భాష కోసం ఎవరూ ఆగడం లేదని కూడా దానికి అర్థం. ఇంగ్లీషు ప్రతి అలాగే తెచ్చి ఇచ్చేస్తారు, తెలుగులో చేయాల్సిన పనే లేదు కనుక ఆలస్యమూ లేదు. బటన్లు చూసి, బాణం గుర్తు వెంట పరుగెత్తి ఆట నెగ్గేస్తారు మనవాళ్లు. కానీ పాత్రలు ఏం మాట్లాడుకున్నాయో, విలన్ ఎందుకు అలా మారాడో సగం మందికి అందదు. కథ ప్రాణంగా ఉండే గేమ్‌లు మన జిల్లాల్లో పెద్దగా ఆడకపోవడానికి, కాల్చుకునే గేమ్‌లూ క్రికెట్ గేమ్‌లే ఇంటింటా కనిపించడానికి ఇది ఒక కారణం కాక మరేమిటి?

తెలుగు చేయడం సాంకేతికంగా కష్టమన్న మాటలో నిజం కొంత ఉంది. గేమ్ తయారీకి వాడే సాఫ్ట్‌వేర్లలో అక్షరాలు చూపించే సాధారణ పరికరాలు కొన్నిటికి ఒత్తులూ గుణింతాలూ కలిపి కూర్చడం రాదు. 'స్త్రీ' అని రాస్తే మూడు ముక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. దానికి వేరే ఏర్పాటు కావాలి. కానీ 1990ల్లో జపనీస్ గేమ్‌లో ఇంగ్లీషు పట్టించడం ఇంతకన్నా కష్టమైన పని, కొనేవాళ్లున్నారు కాబట్టి చేశారు.

అన్ని తలుపులూ తెరుచుకున్నాయని మాత్రం అనుకోకూడదు. డౌన్‌లోడ్‌కు హద్దుల్లేవు, మెషీన్‌కు ఇంకా ఉన్నాయి. ప్లేస్టేషన్ 5 మొదటి దేశాల్లో 2020 నవంబర్ 12న వస్తే, మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. ప్రీ ఆర్డర్లు నిమిషాల్లో అయిపోయాయి. ప్లేస్టేషన్ 5 ప్రో 2024 నవంబర్ 7న చాలా దేశాల్లో విడుదలైంది, ఆ రోజు భారత్‌లో రాలేదు. అందులోని వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు అప్పటికి ఇక్కడ అనుమతి లేకపోవడమే కారణం. ఒక గేమ్ మెషీన్ స్పెక్ట్రమ్ నిబంధన దగ్గర ఆగిపోతుందని ఎవరు ఊహిస్తారు!

ఫోన్ గేమ్‌ల లెక్క ఇంకో రకం. అక్కడ ఆలస్యాన్ని కావాలనే పెడతారు. ముందు ఒకటి రెండు దేశాల్లో వదిలి, సర్వర్లు తట్టుకుంటాయా, జనం డబ్బు ఖర్చు పెడతారా చూసి తర్వాత అందరికీ ఇస్తారు. బ్రాల్ స్టార్స్ 2017 జూన్‌లో కెనడాలో మొదలై, లోకానికంతా వచ్చింది 2018 డిసెంబర్‌లో. పోకెమాన్ గో 2016 జులై 6న అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో వచ్చింది. భారత్‌కు జియోతో ఒప్పందం కుదిరాక డిసెంబర్‌లో వచ్చింది. ఆ ఐదు నెలలూ ఎవరూ ఖాళీగా కూర్చోలేదు. ఎక్కడెక్కడి నుంచో ఏపీకే అనే ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లు దించుకుని ఆడారు. అలా తిరిగిన నకిలీ ఫైళ్లలో ఒకదానిలో ఫోన్‌ను మొత్తం వేరేవాళ్ల చేతిలో పెట్టే డ్రాయిడ్‌జాక్ అనే ప్రోగ్రామ్ దాగి ఉందని అదే జులైలో సెక్యూరిటీ నిపుణులు పట్టుకున్నారు. ఆలస్యానికి మూల్యం చెల్లించేది ఎదురుచూడలేని పిల్లలే. పైగా పోకెమాన్ గోను నిజం వీధుల్లో తిరుగుతూ ఆడాలి, ఆ ఆడేచోట్లు పెద్ద నగరాల్లో వీధి వీధికీ ఉంటే, చిన్న పట్టణాల్లో అక్కడొకటి ఇక్కడొకటి మాత్రమే. దేశానికి ఒకే తేదీ ఉన్నా, హైదరాబాద్‌కు దొరికిన ఆట జడ్చర్లకు దొరకలేదు.

పబ్‌జీ మొబైల్‌ది వెనక్కి నడిచిన కథ. 2018లో లోకంతో పాటే వచ్చింది, 2020 సెప్టెంబర్‌లో నిషేధం పడింది. బీజీఎంఐ పేరుతో 2021 జులై 2న ఆండ్రాయిడ్‌కు, ఆగస్టు 18న ఐఫోన్‌కు వచ్చింది. 2022 జులైలో మళ్లీ మాయమై, 2023 మే నెలలో తిరిగొచ్చింది.

దేశాల మధ్య ఎడం తగ్గేకొద్దీ డబ్బు పెట్టే తేడా పెరుగుతోంది. స్టార్‌ఫీల్డ్ అనే గేమ్ విడుదల తేదీ 2023 సెప్టెంబర్ 6. ఖరీదైన ప్రతి కొన్నవాళ్లకు మాత్రం సెప్టెంబర్ 1నే ఇచ్చేశారు. ఒకప్పుడు పుట్టిన దేశాన్ని బట్టి ముందు వెనుకలుండేవి, ఇప్పుడు జేబును బట్టి. సముద్రం దాటించాల్సిన సరుకు లేదు, అనువదించాల్సిన మాటా మిగల్లేదు. సిద్ధంగా ఉన్న గేమ్‌ను ఐదు రోజులు పట్టి ఉంచడానికి ఏ కారణమూ చూపలేరు. పాత ఆలస్యాలన్నిటికన్నా ఇదే ఎక్కువ కష్టంగా అనిపిస్తుంది. దీని ముందు న్యూజిలాండ్ చిట్కా అమాయకమైనది. దేశాల వారీగా అర్ధరాత్రి తెరుచుకునే గేమ్ అయితే, ఎక్స్‌బాక్స్ గేమ్ మెషీన్ సెట్టింగ్స్‌లో దేశాన్ని న్యూజిలాండ్‌గా మార్చేస్తారు కొందరు. నవంబర్‌లో అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి మనకు ముందు రోజు సాయంత్రం నాలుగున్నర. మహబూబ్‌నగర్‌లో కాలేజీ వదిలే వేళకు రేపటి గేమ్ చేతికొస్తుంది.

అదీ డౌన్‌లోడ్ అయి ఉంటేనే. పెద్ద గేమ్‌లు ఇప్పుడు వంద జీబీ దాటుతున్నాయి. సెకనుకు 30 మెగాబిట్ల లైను ఆగకుండా వస్తే వంద జీబీకి సుమారు ఏడున్నర గంటలు. ఫైబర్ లైను లేని ఊళ్లో, రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్యాక్ మీద ఆధారపడితే యాభై రోజులు, ఆ యాభై రోజులూ ఇంకే వీడియో చూడకుండా ఉంటే. అపరిమిత 5జీ అందినవాళ్ల సంగతి వేరు. ఏ కంపెనీ క్యాలెండర్‌లోనూ లేని ఈ యాభై రోజులు, సోనిక్ కాలపు అమెరికా, యూరప్‌ల మధ్య ఉన్న కొన్ని ఆలస్యాలను మించిపోతాయి.

మన దేశంలో తయారైన గేమ్‌కైనా మన తేదీ ముందుంటుందా అంటే, అదీ అనుకున్నంత తేలిక కాదు. పుణెలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ చేసిన రాజీ అనే గేమ్‌లో దుర్గమ్మ ఉంది, విష్ణువున్నాడు, రాజస్థాన్ కోటలున్నాయి. అది మొదట వచ్చింది 2020 ఆగస్టు 18న, నింటెండో స్విచ్ మీద మాత్రమే. భారత్‌లో నింటెండో అధికారికంగా అమ్మని మెషీన్ అది. చేతిలో డబ్బు లేని చిన్న బృందానికి పెద్ద వేదిక మీద తమ గేమ్ కనిపించడం ముఖ్యం, ఆ వేదిక ఉన్నది అక్కడే. కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. కంప్యూటర్‌కూ మిగతా మెషీన్లకూ ఆ గేమ్ అక్టోబర్ 15న వచ్చింది. స్విచ్ లేని నల్గొండ ఇంట్లో దుర్గమ్మ ఆట కోసం 58 రోజులు ఆగాల్సి వచ్చింది. ఆ వెంటనే బతుకమ్మ పేర్చడం మొదలైంది.